ఉద్యోగము విడువక లేత్ దుకాణము

పూర్వము మన గ్రామములలో కొలిమి లేని ఊరు అరుదు. నాగలి కర్రు సాగగొట్టుటకును, కొడవలికి కక్కు పెట్టుటకును, బండి చక్రమునకు పట్టా ఎక్కించుటకును రైతు కమ్మరి ఇంటికి పోయెడివాడు. కమ్మరికి కళ్ళములోనే మేర ముట్టెడిది. నేడు నాగలి స్థానమున ట్రాక్టరు, మోట స్థానమున బోరు మోటారు నిలిచినవి. అయితే ట్రాలీ పిన్ను అరిగినను, రోటవేటరు షాఫ్టు విరిగినను ఝరాసంగం మండలములోని రైతు తరచుగా జహీరాబాదునకు పోవలసి వచ్చుచున్నది. అదనులో ఒక దినము పోయిన దాని విలువ రైతునకే తెలియును. ఊరి కొలిమి చేసిన పనిని నేడు ఊరి లేత్ దుకాణము చేయవలసి యున్నది. దానిని ఎవరు పెట్టవలెను, ఎట్లు పెట్టవలెను, పంచాయతి ఏమి చేయవలెను అనునదియే ఈ వ్యాసమునందలి విషయము.

మన ప్రాంతపు పరిస్థితి

జహీరాబాదు యంత్రములకు కొత్త ప్రదేశము కాదు. 1980 దశకమున ఇచ్చట ఆల్విన్ నిస్సాన్ వారి తేలిక వాహనముల కార్ఖానా ఏర్పడినది. తరువాత అది మహీంద్రా వారి చేతికి వచ్చినది. 2013లో అదే సంస్థ ఇచ్చట ట్రాక్టర్ల కార్ఖానాను ప్రారంభించినది. న్యాలకల్, ఝరాసంగం మండలములలో 12,635 ఎకరములలో జాతీయ పెట్టుబడి, ఉత్పాదక మండలి సంకల్పింపబడినది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పన్నెండు పారిశ్రామిక నగరములలో జహీరాబాదు ఒకటి.

ఈ మార్పు వలన రెండు ఫలితములు కలిగినవి. మన యువకులు కొందరు టర్నర్లుగా, ఫిట్టర్లుగా, వెల్డర్లుగా నైపుణ్యము సంపాదించుచున్నారు. మరికొన్ని కుటుంబముల భూమి సేకరణలో పోయి, సొమ్ము చేతికి వచ్చినది. నైపుణ్యమును సొమ్మును ఒకచోట చేర్చి దుకాణము పెట్టవలెనను కోరిక సహజము. అయితే భూమి పోయిన ఇంట యంత్రము కూడ నష్టమునకు అమ్ముడుపోయినచో అది రెండవసారి భూమి పోయినట్లే యగును. కావున ఉద్యోగమును నిలుపుకొని, సాయంకాలములందు చిన్నగా ప్రారంభించి, లెక్క చూచుకొని ముందుకు పోవుటయే క్షేమము.

మరమ్మతుతో ఆరంభము

పెద్ద కార్ఖానాలకు విడిభాగములు చేయవలెనని చాలమంది తొలినాడే ఆశపడుదురు. పెద్ద కార్ఖానా కోరునది వేల సంఖ్యలో ఒకే కొలత, నిర్ణీత దినమున సరఫరా, తనిఖీ పత్రము. సొమ్ము చేతికి వచ్చుటకు నెలలు పట్టవచ్చును. ఒంటరిగా సాయంకాలము పనిచేయువానికి ఇది సాధ్యము కాదు. రైతు పని అట్టిది కాదు. చెరకు గానుగ షాఫ్టు, కల్టివేటరు బుష్, మోటారు పుల్లీ, ట్రాలీ పిన్ను ఒక్కొక్కటిగా వచ్చును. పని ముగిసిన దినముననే కూలి దొరకును.

హైదరాబాదులోని బాలానగరమున 1970లో ప్రారంభమైన ఎం.టి.ఎ.ఆర్. సంస్థ చరిత్ర ఇందుకు దృష్టాంతము. యంత్రములను తిరిగి బాగుచేయుట అను మాట ఆ సంస్థ పేరులోనే ఇమిడియున్నది. మరమ్మతుతో మొదలైన ఆ సంస్థ క్రమముగా అణువిద్యుత్ కేంద్రములకును, అంతరిక్ష రాకెట్ల ఇంజనులకును భాగములు తయారుచేయు స్థితికి వచ్చినది. మరమ్మతు చిన్నపని కాదు. అది చేతికి పాఠశాల.

గంటల లెక్క

ఒక ఉదాహరణము తీసికొందము. ఇందలి అంకెలు లెక్క తెలియుటకు వేసికొన్నవి మాత్రమే. వాడిన లేత్, డ్రిల్లింగ్ మిషను, గ్రైండరు, వెల్డింగు సెట్టు, కొలత పనిముట్లు కలిపి 4 లక్షల రూపాయలయినవనుకొందము. అందులో లక్ష సొంతము, తక్కినది అప్పు. నెలకు వాయిదా 6,500, షెడ్డు అద్దె 2,000, విద్యుత్తు 2,000, టూల్ బిట్లు, నూనె 2,000. మొత్తము 12,500 రూపాయలు. గంటకు 250 రూపాయల కూలి అయినచో, ఖర్చులు గడచుటకే 50 గంటల పని కావలెను.

దుకాణము మూడు గంటలు తెరచినను కూలి వచ్చు పని రెండు గంటలకు మించదు. పనిని చక్‌లో బిగించుటకు, కొలతలు తీయుటకు, వచ్చినవారితో మాటలాడుటకు తక్కిన కాలము పోవును. అనగా 25 సాయంకాలములు గడచినను ఇంటికి ఒక్క పైసా మిగులదు. నాలుగు ఆదివారములు అయిదేసి గంటలు పనిచేసినచో మిగులునది 5,000. నెలకు 20,000 వచ్చు ఉద్యోగమును విడువవలెనన్న 50 గంటలపై మరి 80 గంటలు, వెరసి 130 గంటల పని ఉండవలెను.

సాయంకాలములందు అంత పని చేయుట అసాధ్యము గదా, ఆ గిరాకి ఉన్నదని తెలియుటెట్లు? చేసిన పనితోపాటు తీరిక లేక తిప్పి పంపిన పనిని కూడ పుస్తకములో వ్రాయవలెను. రెండును కలిపి వరుసగా ఆరు నెలలు 130 గంటలు దాటినచో ఉద్యోగము విడుచుటను ఆలోచింపవచ్చును. దాటనిచో దుకాణము అదనపు ఆదాయముగా ఉండుటయే మేలు. అరువుపని వసూలైన తరువాతనే ఆదాయమని వ్రాయవలెను.

నిజాయితీ, రక్షణ

పనిచేయు సంస్థ నియామక పత్రమును ముందు చదువవలెను. ఇతర వ్యాపారమునకు అనుమతి అవసరమైనచో వ్రాతపూర్వకముగా పొందవలెను. ప్రభుత్వోద్యోగులు ముందుగా అనుమతి పొందక వ్యాపారము చేయరాదు. యజమాని నక్షలు, పనిముట్లు, తుక్కు ఇనుము సొంత దుకాణమునకు తెచ్చుట దొంగతనమే.

ఒకే దినమున రెండు కార్ఖానాలలో పనిచేయరాదని 2025 వరకు అమలులో నుండిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము విధించెడిది. ఒక్కడే నడుపు చిన్న దుకాణమునకు అట్టి నియమము వర్తింపకపోవచ్చును గాని, ఆ నియమమునకు మూలమైన అలసట మాత్రము వచ్చియే తీరును. రాత్రి షిఫ్టు చేసిన దినమున లేత్ ముట్టరాదు. తిరుగు లేత్ వద్ద చేతిజోళ్ళు, వదులైన చొక్కా, మెడలో కండువ ఉండరాదు. చక్ తాళము బిగింపు ముగిసిన వెంటనే తీసివేయవలెను. గ్రైండరు వద్ద కంటి అద్దములు తప్పనిసరి.

పంచాయతి చేయదగినది

మొదటిది స్థలము. ఇండ్ల నడుమ రాత్రివేళ గ్రైండరు మ్రోత తగవులకు కారణమగును. బాట ప్రక్కన, పాఠశాలకు దూరముగా తగిన చోటు చూపి, దుకాణము మూయు వేళను అనుమతి పత్రములోనే వ్రాసినచో తరువాత ఫిర్యాదులుండవు. అనుమతి దరఖాస్తును నెలల తరబడి త్రొక్కి పెట్టరాదు.

రెండవది విద్యుత్తు. బోరునకు ఇచ్చిన వ్యవసాయ కనెక్షను నుండి లేత్ నడుపుట చట్టవిరుద్ధము. ప్రత్యేక కనెక్షను పొందవలెనని ముందే తెలుపవలెను.

మూడవది ఋణము. సూక్ష్మ పరిశ్రమలకు 2020 నుండి ఉద్యమ్ నమోదు అమలులో నున్నది. దానికి రుసుము లేదు. దళారులకు సొమ్మీయ నక్కరలేదని గ్రామసభలో చాటవలెను. ముద్రా ఋణముల సంగతి బ్యాంకులోను, సబ్సిడీ పథకముల నాటి నిబంధనలు జిల్లా పరిశ్రమల కేంద్రములోను అడిగి తెలిసికొనునట్లు యువకులను పంపవలెను. సబ్సిడీ ఉన్నదని అవసరము లేని యంత్రము కొనుట తగదు.

నాలుగవది పని. పంచాయతి ట్రాక్టరు, ట్రాలీ, నీటి పంపు మరమ్మతులను నియమానుసారముగా ధర విచారించి ఊరి దుకాణమునకే ఈయవచ్చును. బిల్లు ఆలస్యము లేక చెల్లించుట అన్నిటికంటె పెద్ద సహాయము.

కేతకీ సంగమేశ్వరుని సన్నిధినున్న ఝరాసంగం చుట్టును రేపు పెద్ద కార్ఖానాలు మరికొన్ని లేవవచ్చును. వాటి వాకిటిలో కూలికి నిలుచువారు మన యువకులందరును కానక్కరలేదు. ఒక యువకుడు పగలు ఉద్యోగము చేసి సాయంకాలము రైతు షాఫ్టును సరిచేసి ఇచ్చినచో ఆ రైతు మరునాటి దుక్కి ఆగదు. అట్టివాడు అనుమతి కోరి వచ్చిన దినమున పంచాయతి అతనిని అడుగవలసిన మొదటి ప్రశ్న పన్ను ఎంత కట్టుదువని కాదు. లెక్క పుస్తకము తెరచితివా అని.