ట్యూన్‌ తెలుసు... ఆయనే తెలీదు!

నచ్చిన పనికేమో జీతం రాదు. జీతమొచ్చే పనేమో నచ్చదు. డిగ్రీ చేతికొచ్చిన రోజు నుంచీ మీలో చాలామందిని వేధించే సమస్యే ఇది. ఈ రెంటినీ ఒకే జీవితంలో కలిపి నడిపించిన మనిషి రేమండ్‌ స్కాట్‌. జాజ్‌ సంగీతకారుడు, ప్రకటనల వ్యాపారి, ఎలక్ట్రానిక్‌ వాద్యాల ఆవిష్కర్త. ఆయన ఎక్కడ నెగ్గారో, ఎక్కడ నష్టపోయారో... రెండూ మీకు పనికొచ్చేవే.

ఇంజినీర్‌ కావాలనుకుని...

స్కాట్‌ 1908లో న్యూయార్క్‌ బ్రూక్లిన్‌లో పుట్టారు. అసలు పేరు హ్యారీ వార్నో. ఇంజినీరింగ్‌ చదువుదామనుకుంటే, అన్న మార్క్‌ తమ్ముడి ప్రతిభను గుర్తించి, తనే ఫీజు కట్టి సంగీతంలో చేర్పించాడు. 1931లో చదువు పూర్తయ్యాక సీబీఎస్‌ రేడియో ఆర్కెస్ట్రాలో పియానిస్టుగా ఉద్యోగం. అక్కడ కండక్టర్‌ అన్నే! ‘అన్న చలవతో పైకొచ్చాడు’ అనే మాట పడటం ఇష్టంలేక, టెలిఫోన్‌ డైరెక్టరీలోంచి ఓ పేరు ఏరుకున్నారు. అదే రేమండ్‌ స్కాట్‌.

1936లో సొంత బృందం కట్టారు. మరుసటి ఏడాది వచ్చిన ‘పవర్‌హౌస్‌’ ట్యూన్‌ మీరూ వినే ఉంటారు. బగ్స్‌ బన్నీ లాంటి పాత కార్టూన్లలో యంత్రాలు గడగడా తిరుగుతున్నప్పుడు వినిపించేది చాలాసార్లు ఆ బాణీయే. నిజానికి స్కాట్‌ కార్టూన్ల కోసం ఒక్క ట్యూనూ కట్టలేదు. 1943లో తన పాటల ప్రచురణ హక్కుల్ని వార్నర్‌ బ్రదర్స్‌కి అమ్మారు. వాళ్లు కార్టూన్లలో విరివిగా వాడుకున్నారు.

జీతం అక్కడ... ప్రాణం ఇక్కడ

1949లో అన్న చనిపోయాక ‘యువర్‌ హిట్‌ పరేడ్‌’ ఆర్కెస్ట్రా బాధ్యత స్కాట్‌ మీద పడింది. సిగరెట్‌ కంపెనీ స్పాన్సర్‌ చేసే కార్యక్రమమది. అందులో వాయించాల్సింది ఆ వారం హిట్‌ పాటలే. ఆయనకది ఇంటద్దె కోసం చేసే పని మాత్రమే. కానీ జీతం బాగుండేది. ఆ డబ్బంతా ఏం చేశారు? ఇంట్లో ఎలక్ట్రానిక్‌ ల్యాబ్‌ పెట్టి అందులో పోశారు. అలా అప్పట్లో వదులుకున్న ఇంజినీరింగ్‌ని మళ్లీ పట్టుకున్నారు.

మరోపక్క ‘జింగిల్‌ వర్క్‌షాప్‌’ పేరుతో ప్రకటనల పాటలు చేసిచ్చారు. 1946లో మొదలెట్టిన ‘మన్‌హటన్‌ రీసెర్చ్‌’ సంస్థ తర్వాతి రోజుల్లో ఎలక్ట్రానిక్‌ శబ్దాలతో ప్రకటనలు తయారుచేసింది. స్ప్రైట్‌, విక్స్‌ దగ్గుబిళ్లల ప్రకటనలూ వాటిలో ఉన్నాయి. కొత్త శబ్దం కావాలని క్లయింట్‌ అడిగితే, ఆ శబ్దం చేసే యంత్రాన్నే తయారుచేసే రకం ఆయన. క్లయింట్‌ పనే ఆయన ప్రయోగశాల అయింది.

తలుపులు మూసేస్తే...

ఇక్కడిదాకా గెలుపే. మరి పొరపాటెక్కడ? ఎవరైనా కాపీ కొడతారన్న భయంతో తన పరికరాల వివరాల్ని గుట్టుగా ఉంచారు. కుర్రాడిగా ఉన్నప్పుడు తండ్రితో కలిసి ఆ ల్యాబ్‌ చూసి అబ్బురపడిన బాబ్‌ మూగ్‌, తర్వాత స్కాట్‌కి సర్క్యూట్లు చేసిచ్చాడు. 1960ల్లో మూగ్‌ తన సింథసైజర్‌ని సంగీతకారుల చేతికిచ్చాడు. ప్రపంచం మూగ్‌ పేరు నేర్చుకుంది.

తనంతట తానే బాణీలు అల్లే ‘ఎలక్ట్రోనియం’ యంత్రం కోసం స్కాట్‌ ఏళ్లతరబడి శ్రమించారు. దాన్ని చూసి ముచ్చటపడిన మోటౌన్‌ రికార్డ్స్‌ అధిపతి బెర్రీ గోర్డీ 1970ల్లో ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకున్నారు. అయినా మార్పులూ చేర్పులతోనే కాలం గడిచింది. ఆ యంత్రం మార్కెట్‌ ముఖం చూడలేదు. 1987లో పక్షవాతంతో మాట పడిపోయింది. 1994లో కన్నుమూశారు. ఆ ప్రకటనల టేపులు ఆల్బమ్‌గా జనంలోకి వచ్చింది 2000లో!

మీరేం తీసుకోవచ్చు?

* ఇష్టంలేని ఉద్యోగమని తిట్టుకుంటూ కూర్చోవద్దు. ఆ జీతంలో కొంత మీ ఇష్టానికి పెట్టుబడిగా మార్చండి.
* చిన్న క్లయింటైనా సరే, కొత్తది నేర్చుకునే అవకాశంగా చూడండి.
* హక్కులు అమ్మేముందు కాగితం పూర్తిగా చదవండి. మీ పని రేపు ఎక్కడ మోగుతుందో ఇవాళ తెలీదు.
* అన్నీ కుదిరాకే చూపిద్దామనుకోవద్దు. కొంత సిద్ధమైనా నలుగురికీ చూపించండి. డ్రాయర్లో దాచిన పనికి పేరు రాదు.