ఆంధ్రప్రదేశ్‌లో ఎలక్ట్రానిక్ టెండర్ల విధానం

ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమకు కావలసిన వస్తువులను, సేవలను, నిర్మాణ పనులను ఇంటర్నెట్ ద్వారా టెండర్లు పిలిచి సమకూర్చుకునే పద్ధతిని ఎలక్ట్రానిక్ టెండర్ల విధానం లేదా ఈ-ప్రొక్యూర్‌మెంట్ అంటారు. భారతదేశంలో దీనిని పెద్దయెత్తున చేపట్టిన తొలి రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇక్కడ ఈ విధానం 2003 జనవరిలో మొదలైంది.

పూర్వపు పద్ధతి

అంతకు ముందు టెండరు ప్రకటన పత్రికలలో వెలువడేది. గుత్తేదారు సంబంధిత కార్యాలయానికి స్వయంగా వెళ్ళి, రుసుము చెల్లించి టెండరు షెడ్యూలు కొనుక్కోవాలి. పూర్తిచేసిన పత్రాలను గడువులోగా అక్కడి టెండరు పెట్టెలో వేయాలి. పోటీకి అడ్డంకులు ఈ రెండు ఘట్టాలలోనే ఎదురయ్యేవి. షెడ్యూళ్ళు ఎవరెవరు కొన్నారో ముందుగానే తెలిసిపోవడం వలన, వారందరూ కుమ్మక్కై పనులను పంచుకోవడానికి వీలుండేది. బయటివారు కార్యాలయంలోకి రాకుండా, పెట్టెను సమీపించకుండా అడ్డుకున్న సందర్భాలు కూడా ఉండేవి. పోటీ లేనిచోట అంచనా విలువ కంటే ఎక్కువ ధరకు పనులు అప్పగించవలసి వచ్చేది. ఆ భారం ఖజానాపై పడేది.

ప్రారంభం

తొలిదశలో నీటిపారుదల శాఖ, రోడ్లు భవనాల శాఖ, ఆంధ్రప్రదేశ్ టెక్నాలజీ సర్వీసెస్, రోడ్డు రవాణా సంస్థలలో దీనిని ప్రయోగాత్మకంగా అమలుచేసారు. ప్రభుత్వ పర్యవేక్షణలో, ప్రైవేటు భాగస్వామ్యంతో దీనికి కావలసిన సాంకేతిక వేదికను నెలకొల్పారు. డిజిటల్ సంతకానికి చట్టబద్ధత కల్పించిన 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఇందుకు ఆధారమైంది. తరువాత ఇతర శాఖలకు, పురపాలక సంఘాలకు, ప్రభుత్వరంగ సంస్థలకు ఇది విస్తరించింది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఈ విధానాన్ని కొనసాగించాయి.

పనిచేసే తీరు

టెండరు పత్రాలను వెబ్‌సైటులో ఉంచుతారు. నమోదు చేసుకున్న గుత్తేదారు తన డిజిటల్ సంతకంతో ఎక్కడి నుండైనా టెండరు దాఖలు చేయవచ్చు. టెండరులో సాంకేతిక భాగం, ధర భాగం వేర్వేరుగా ఉంటాయి. మొదట సాంకేతిక భాగాన్ని తెరచి అర్హతలను పరిశీలిస్తారు. అర్హులైనవారి ధరలను మాత్రమే తరువాత తెరుస్తారు. గడువు ముగిసేవరకు పోటీదారులెవరో, ఎవరి ధర ఎంతో ఇతరులకు తెలియకుండా ఉండడమే ఈ ఏర్పాటులోని ముఖ్యాంశం.

అనుబంధ సంస్కరణలు

2003 జూలైలో నీటిపారుదల శాఖ వెలువరించిన 94వ నంబరు ఉత్తర్వు టెండరు నిబంధనలను సవరించింది. అంచనా విలువపై 5 శాతానికి మించి ఎక్కువ కోరిన టెండర్లను అంగీకరించరాదని ఇది నిర్దేశించింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రివర్స్ టెండరింగును ప్రవేశపెట్టింది. ఇందులో తొలి ధరలు తెరచిన తరువాత, అర్హులైన పోటీదారులు వేలంలో ధరను ఇంకా తగ్గించవచ్చు. పెద్ద పనుల టెండరు పత్రాలను ప్రకటనకు ముందే న్యాయమూర్తి పరిశీలించేలా అదే సంవత్సరం ఒక చట్టం కూడా చేసారు. రివర్స్ టెండరింగును 2024లో రద్దుచేసారు.

పరిమితులు

టెండరు దాఖలు చేయడంలోని అడ్డంకులను ఈ విధానం చాలావరకు తొలగించింది. అయితే కొనుగోలులో అక్రమాలకు అవకాశం అంతకు ముందూ, ఆ తరువాతా కూడా ఉంటుంది. ఒకే సంస్థకు సరిపోయేలా అర్హతా నిబంధనలు రాసినా, అంచనాలను ముందే పెంచినా, గడువు మరీ తక్కువ ఇచ్చినా కంప్యూటరు వాటిని పట్టుకోలేదు. పని అప్పగించాక అదనపు పనుల పేరిట వ్యయాన్ని పెంచడం, నాణ్యతను తనిఖీ చేయకుండా బిల్లులు చెల్లించడం కూడా టెండరు పరిధిలోకి రావు. అందువలన అంచనాల తయారీ, నాణ్యతా పరీక్షలు, లెక్కల తనిఖీ సక్రమంగా జరిగినపుడే ఈ విధానం పూర్తి ఫలితాన్నిస్తుంది.

ఇతర ప్రాంతాలలో

టెండర్లలో పారదర్శకత కోసం తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో ప్రత్యేక చట్టాలు చేసాయి. కేంద్రంలో 2012లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన ప్రభుత్వ సేకరణ బిల్లు చట్టరూపం దాల్చకుండానే మురిగిపోయింది. సాధారణ వస్తువులు, సేవల కొనుగోలు కోసం కేంద్ర ప్రభుత్వం 2016 ఆగస్టులో గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్ అనే ఆన్‌లైను అంగడిని ప్రారంభించింది.