నల్ల పిల్లి నుదుట బంగారు నెలవంక!

1931లో వచ్చిన ‘డ్రాకులా’ చిత్రంలో బేలా లుగోసీ నల్లటి కేప్ కప్పుకొని, కళ్ళు చిట్లించి చూస్తుంటే ప్రేక్షకులు జడుసుకున్నారు. చిత్రమేమిటంటే, ఆ భయమే తరవాత ఓ తరానికి ఫ్యాషనై కూర్చుంది! 1979లో ఇంగ్లండుకు చెందిన బౌహాస్ బృందం లుగోసీ పేరు మీదే ఓ పాట విడుదల చేసింది. 1982లో లండన్‌లో ‘బ్యాట్‌కేవ్’... అంటే గబ్బిలాల గుహ అనే క్లబ్బు తెరిచారు. నల్ల బట్టలు, పాలిపోయిన ముఖం, దట్టంగా కాటుక. ఇదీ గోత్ బాణీ.

మరి ఇందులోకి లేత గులాబీ, లేత ఊదా రంగులెలా వచ్చాయంటారా? జపాన్ నుంచి! టోక్యోలోని హరజుకు వీధుల్లో కుర్రకారు మిఠాయి రంగుల బట్టలేసుకుని తిరుగుతారు. ముద్దొచ్చే దేన్నయినా జపాన్ వాళ్ళు ‘కవాయీ’ అంటారు. ఆ ముద్దూ, ఈ భయమూ సుమారు 2010 నుంచి ఇంటర్నెట్లో జతకట్టాయి. ఆ జంట పేరే పాస్టెల్ గోత్! జుట్టుకు లేత ఊదా రంగు, పెదాలకు నలుపు, మెడకు నల్ల పట్టీ, దానికి వేలాడే నెలవంక, మేజోళ్ళ నిండా చుక్కలు.

అన్నీ వదిలేసి చంద్రుడూ చుక్కలే ఎందుకు? నన్నడిగితే, జవాబు ఓ పిల్లి దగ్గరుంది. నవోకో తకెయుచి గీసిన ‘సైలర్ మూన్’ బొమ్మల కథ 1992లో టీవీకెక్కింది. అందులో లూనా అనే నల్ల పిల్లికి నుదుట బంగారు నెలవంక ఉంటుంది. నల్ల పిల్లి ఎదురైతే అపశకునమనే వాళ్ళే లూనాని చూసి మురిసిపోయారు! నలుపు పోలేదు, బెదురు పోయిందన్నమాట. పాస్టెల్ గోత్ చేసే పనీ అదే.

కానీ బయటి మనుషుల బెదురు పోవడం అంత తేలిక కాదు. 2007 ఆగస్టులో ఇంగ్లండులోని బేకప్ పట్టణంలో గోత్ వేషంలో ఉన్న పాపానికి ఓ జంట మీద పార్కులో కుర్రాళ్ళు పడ్డారు. 20 ఏళ్ళ సోఫీ లాంకాస్టర్ ఆ దెబ్బలతోనే ఆస్పత్రిలో కన్నుమూసింది. 2013 నుంచి గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు ఇలాంటి దాడులను ద్వేష నేరాలుగా నమోదు చేయడం మొదలెట్టారు.

అందుకే, మీ కాలేజీలో ఎవరైనా నల్ల పెదాలతో, చెవులకు నెలవంకలతో కనిపిస్తే వెక్కిరించకండి. ‘‘ఆ లోలాకులు ఎక్కడ కొన్నావు?’’ అని అడిగి చూడండి. లూనా కబుర్లు గంటసేపు చెప్పకపోతే నన్నడగండి!