బిడ్డ యెవరి సొత్తు?

దంపతులు వేఱుపడినపుడు పొలమును కొలిచి పంచుకొనవచ్చును; నగలను తూచి పంచుకొనవచ్చును. బిడ్డను పంచుకొనుటకు మాత్ర మే కొలతయు, ఏ త్రాసును లేదు. అయినను ఈ పంపకమునకై మన న్యాయస్థానములలో వ్యాజ్యములు నడచుచునే యున్నవి. న్యాయాధిపతులు ఈ చిక్కు నెట్లు విప్పుదురో, ఈ విషయమున ధర్మ మెట్లు మాఱుచు వచ్చినదో గృహస్థులందఱును తెలిసికొనదగియున్నది.

ఇంగ్లండు దేశమున పూర్వము బిడ్డ తండ్రిదే. 1839వ సంవత్సరపు శాసనము ఏడేండ్ల లోపు బిడ్డలను తనకడ నుంచుకొనుటకై న్యాయస్థానమును వేడుకొను నవకాశమును తల్లికి కల్పించెను. 1873లో ఆ వయఃపరిమితి పదునాఱేండ్లకు పెరిగెను. ఈ యవకాశమున కెంత బలము గలదో 1878లో బయటపడినది. శ్రీమతి అనిబిసెంటు మతాచార్యుడగు తన భర్తనుండి 1873లో విడివడి, ఒడంబడిక ననుసరించి కూతురు మేబెలును తనకడ పెంచుకొనుచుండెను. ఆమె నాస్తికవాదమును, సంతాన నియంత్రణమును గూర్చిన పుస్తకమును ప్రకటించుటయు దోషములుగా జూపి భర్త న్యాయస్థానమున కెక్కెను. న్యాయాధిపతి సర్ జార్జి జెస్సెల్ ఆ యేడేండ్ల బాలికను తల్లి యొడినుండి తీసి తండ్రికి అప్పగించెను. తీర్పునకు మూలము తల్లి యభిప్రాయములే గాని పెంపకములోని లోపము గాదు. బిడ్డ మనస్సు నడిగినవారు లేరు.

విధివిలాస మేమనవలెను! ముప్పదియైదేండ్లకు ఆ యనిబిసెంటే చెన్నపట్టణపు హైకోర్టులో ప్రతివాదినిగా నిలువవలసి వచ్చినది. మదనపల్లెలో జన్మించిన మన జిడ్డు కృష్ణమూర్తిని, అతని తమ్ముడు నిత్యానందమును వారి తండ్రి నారాయణయ్య 1910లో ఆమె సంరక్షణమున నుంచెను. పిదప మనసు మార్చుకొని బిడ్డలను తనకిమ్మని 1912లో దావా వేసెను. 1913లో హైకోర్టు తండ్రి పక్షమున తీర్పు చెప్పెను. 1914లో ప్రీవీకౌన్సిలు ఆ తీర్పును కొట్టివేసెను. తండ్రి సంరక్షకత్వము పవిత్రమైన బాధ్యత యనియు, బిడ్డల నొరులకు అప్పగించినను ఆ యేర్పాటును మరల రద్దుచేసికొనవచ్చు ననియు ఒప్పుకొనుచునే, ఇంగ్లండులోనున్న బాలుర యిష్టానిష్టముల నరయకయే వారిని తెప్పింపుమని యాజ్ఞాపించుట తగదని చెప్పెను. బిడ్డకును ఒక మనస్సు కలదని తీర్పులో నెక్కిన వ్యాజ్యములలో నిది ముఖ్యమైనది. అది మన తెలుగు బాలుర వ్యాజ్య మగుట గమనింపదగినది.

నేటి మన ధర్మమునకు రెండు శాసనము లాధారములు. 1890 నాటి సంరక్షకుల శాసనము బిడ్డ వయస్సును, సంరక్షకుని శీలసామర్థ్యములను, బంధుత్వమును చూడుమనుచున్నది. తెలివి వచ్చిన బిడ్డయైనచో వాని కోరికనుగూడ న్యాయాధిపతి లెక్కింపవచ్చు ననుచున్నది. 1956 నాటి హిందూ మైనర్ల శాసనము సహజ సంరక్షకుడు తండ్రి యనియు, ఆ పిదప తల్లి యనియు చెప్పుచునే, అయిదేండ్లు నిండని బిడ్డ సాధారణముగ తల్లికడ నుండవలెననియు, అన్నిటికంటె బిడ్డ మేలే ప్రధానమనియు విధించినది. ‘ఆ పిదప’ యనగా తండ్రి మరణానంతరమే యని యర్థము చెప్పనక్కఱలేదనియు, తండ్రి పట్టించుకొననపుడు సైతము తల్లియే సంరక్షకురాలనియు రచయిత్రి గీతా హరిహరన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1999లో తేల్చినది. బిడ్డలు తలిదండ్రుల సొత్తును గారు, ఆటబొమ్మలును గారని 1973లోనే ఆ న్యాయస్థానము పలికియున్నది.

భూవసతి గలవారు మఱియొక నియమమును మఱువరాదు. మైనరు పేరనున్న స్థిరాస్తిని సహజ సంరక్షకుడైనను న్యాయస్థానపు అనుమతి లేక విక్రయింపగాని, తాకట్టు పెట్టగాని వీలులేదు. బిడ్డను చేతబట్టి బిడ్డ భూమిని కాజేయు నాశను శాసన మిట్లు త్రుంచినది.

న్యాయస్థానము చేయగలదానికి హద్దు కలదు. 1984 శాసనమువలన నేర్పడిన కుటుంబ న్యాయస్థానములు మొదట రాజీకై యత్నింపవలెను. బిడ్డను ఒకరికడ నుంచి, రెండవవారు వారమున నిన్ని గంటలు, సెలవులలో నిన్ని దినములు చూడవచ్చునని యాజ్ఞ యిచ్చుట కలదు. పరిస్థితి మాఱినచో ఆ యాజ్ఞయు మాఱవచ్చును. కాని వాయిదాలు సాగినకొలది, బిడ్డ యెవరికడ నున్నదో వారికే యలవాటు పడును. తుదకు ఆ యలవాటే సాక్ష్యమగును. ఈ లోపల తండ్రి తల్లిని దూషించుచు, తల్లి తండ్రిని దూషించుచు ఆ పసిచెవులలో పోసిన విషమును ఏ డిక్రీయు కక్కింపజాలదు.

ఒక ప్రశ్న నడుగవలసియున్నది. కోడలి నణచుటకో, అల్లుని లొంగదీయుటకో మనుమనిని దాచిపెట్టు పెద్దలు మనలో లేరా? పరువుకై వ్యాజ్యమునకు పురికొల్పు బంధువులు లేరా? బిడ్డను గెలిచితిమని సంతసించు నింట ఆ బిడ్డ యొక తల్లినో, తండ్రినో కోల్పోయినదని తలచువా రెందఱు? మేబెలు పెరిగి పెద్దదైన పిదప తల్లినే చేరినది. న్యాయస్థానము పసితనమున నిచ్చిన తీర్పును బిడ్డ యౌవనమున తిరిగి విచారించును. ఆ తీర్పుపై అప్పీలు లేదు. ఆనాడు తలయెత్తి నిలువగల తలిదండ్రులే వ్యాజ్యము గెలిచినవారు.