మీ రెజ్యూమెలో ఐరిస్ ఉంది సరే... దాని గడ్డ సంగతి తెలుసా?

మెషిన్ లెర్నింగ్ నేర్చుకున్నామని చెప్పే ఫ్రెషర్ల రెజ్యూమెల్లో తరచూ కనిపించే ప్రాజెక్టు ఒకటుంది. అదే ‘ఐరిస్ ఫ్లవర్ క్లాసిఫికేషన్’. 150 వరుసలు, నాలుగు కొలతలు, మూడు జాతులు. పైథాన్‌లో పది లైన్లు రాస్తే చాలు, యాక్యురసీ తొంభై దాటుతుంది. అంతవరకు బాగానే ఉంది. మరి ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నాయన ల్యాప్‌టాప్ మూసేసి, ‘ఇందులో సెపల్ అంటే ఏంటమ్మా?’ అని అడిగితే?

ఇంటర్‌లో బైపీసీ చదివిన మీ స్నేహితుల్ని అడగండి, ఠక్కున చెబుతారు. సెపల్ అంటే రక్షక పత్రం, పెటల్ అంటే ఆకర్షక పత్రం. చాలా పూలలో రక్షక పత్రాలు ఆకుపచ్చగా, చిన్నగా మొగ్గకు కాపలా కాస్తాయి. ఐరిస్‌లో అలా కాదు. బయటికి వాలి, రంగురంగుల మచ్చలతో మెరిసే పెద్ద రేకులు మూడూ రక్షక పత్రాలే. వాటిని ‘ఫాల్స్’ అంటారు. లోపల నిటారుగా నిలబడే మూడూ ఆకర్షక పత్రాలు. వాటి పేరు ‘స్టాండర్డ్స్’.

మనం వాడే డేటాను కొలిచింది ఎడ్గర్ ఆండర్సన్ అనే అమెరికన్ వృక్షశాస్త్రవేత్త. సెటోసా, వెర్సికలర్ పూలను కెనడాలోని గాస్పే ద్వీపకల్పంలో సేకరించారు. ఆ అంకెలతోనే బ్రిటిష్ గణాంకవేత్త ఆర్.ఎ. ఫిషర్ 1936లో తన పరిశోధన పత్రం ప్రచురించారు. అందులో సెటోసా ఎందుకంత సులువుగా విడిపోతుందో ఎప్పుడైనా ఆలోచించారా? దాని పెటల్ పొడవు 1.9 సెం.మీ. దాటదు. మిగతా రెండింటిలో 3 సెం.మీ. కంటే తగ్గదు. లాటిన్‌లో ‘సెటోసా’ అంటే ముళ్లవెంట్రుకలు గలది అని అర్థం. స్టాండర్డ్స్ చిక్కిపోయి ముళ్లలా మిగిలాయి కాబట్టే ఆ పేరు. అంటే మీ డెసిషన్ ట్రీ గొప్పగా కనిపెట్టిన మొదటి స్ప్లిట్ జాతి పేరులోనే ఉందన్నమాట!

మోడల్ బోల్తా పడే పువ్వు

ఐరిస్‌లో దాదాపు 300 జాతులున్నాయి. ఎక్కువ వాటికి నేలలో పసుపు, అల్లంలా కొమ్ము ఉంటుంది. మన డేటాసెట్‌లోని మూడూ అలాంటివే. కొన్నిటికి మాత్రం ఉల్లిపాయలా గడ్డ ఉంటుంది. బాటనీ పుస్తకం భాషలో లశునం. తుర్కియే, ఇరాన్, కాకసస్, మధ్య ఆసియా కొండలు వీటి పుట్టిళ్లు. వీటిలో అరుదైనవాటిని పెంచడం, ఏది ఏదో గుర్తుపట్టడం ఒక లోకం. నన్నడిగితే ఫీచర్ ఇంజినీరింగ్‌కు ఇంతకంటే మంచి పాఠం ఏ ఆన్‌లైన్ కోర్సులోనూ దొరకదు.

తుర్కియే కొండల్లో పూసే ఐరిస్ డాన్‌ఫోర్డియే సంగతి చూడండి. జానెడు ఎత్తు కూడా ఉండదు, పసుపు పచ్చని పువ్వు. దీని స్టాండర్డ్స్ కూడా మిల్లీమీటర్లలో కొలిచే ముళ్లే. దీని కొలతలు మీ మోడల్‌కు ఇస్తే ఏమాత్రం తడబడకుండా ‘సెటోసా’ అనేస్తుంది. ఒకటి గడ్డ, ఒకటి కొమ్ము. ఒకటి పసుపు, ఇంకొకటి నీలం-ఊదా. కానీ ఆ తేడాలు చెప్పే కాలమ్ మీ టేబుల్లో లేదే!

గుర్తుపట్టేవాళ్లు అసలు పువ్వుతో మొదలుపెట్టరు. ముందు గడ్డ పైపొర చూస్తారు. అది వలలా అల్లుకుని ఉంటే రెటిక్యులాటా గుంపు. ఆ పేరుకు అర్థమే ‘వల గలది’. తర్వాత ఆకును అడ్డంగా కోస్తారు. ఆ గుంపులో చాలావాటికి ఆకు కోత నలుచదరంగా, నాలుగు అంచులతో కనిపిస్తుంది. ఎనిమిది గీతలుండి గుండ్రంగా తోస్తే బేకెరియానా. కాయ తొడిమ వంగి కిందికి వేలాడితే పాంఫీలికా. 1961లో గానీ శాస్త్రలోకం దానికి పేరు పెట్టలేదు.

ఇక జూనో గుంపు తీరే వేరు. ఆకులు మొక్కజొన్నలా అటొకటి ఇటొకటిగా వస్తాయి. గడ్డ కింద లావుపాటి వేళ్లు ఉంటాయి. మొక్క ఆహారం దాచుకునేది వాటిలో కూడా. ప్యాకింగ్‌లో అవి విరిగాయో, మొక్క కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది.

ఇంతా చూసినా తేలకపోతే క్రోమోజోములు లెక్కపెడతారు. రెటిక్యులాటాకు 20, డాన్‌ఫోర్డియేకు 18, జార్జియా కొండల్లో అంతరించే ప్రమాదంలో ఉన్న లేతపసుపు వినోగ్రాడోవీకి 16. ఈ అంకె ఉత్త గుర్తింపు కార్డు కాదు. దేనితో దేన్ని సంకరం చేస్తే విత్తనం కట్టే అవకాశం ఎక్కువో కూడా సూచిస్తుంది.

నీళ్లు పోయకపోవడమే పని

ఈ గడ్డల పెంపకంలో కష్టమైన పని నీళ్లు పోయడం కాదు, ఆపడం. వీటి సొంత ఊళ్లలో చలికాలం మంచు, వసంతంలో తడి, వేసవంతా ఎండిన నేల. పూత అయ్యాక ఆకులు పసుపెక్కేదాకా బతికి, ఆ తర్వాత గడ్డ నిద్రపోతుంది. ఆ నిద్రలో తడి తగిలితే కుళ్లుతుంది. అందుకే మట్టికుండీల్లో, గులకరాయి ఎక్కువ కలిపిన మట్టిలో నాటి, ఆ కుండీలను ఇసుకలో పాతిపెట్టి, పైన గాజుకప్పు వేస్తారు. డాన్‌ఫోర్డియేదైతే ఇంకో పేచీ. పూసిన ఏడాదే గడ్డ బియ్యపు గింజల్లాంటి పిల్లలుగా చీలిపోతుంది. అవి మళ్లీ పూతకు రావాలంటే కొన్నేళ్లు ఆగాలి. లోతుగా నాటితే చీలడం కొంత తగ్గుతుందంటారు.

చల్లటి కొండగాలి కోసం ఇంజినీర్లనే పిలిచిన చోటూ ఉంది. లండన్ క్యూ గార్డెన్స్‌లో 2006లో తెరిచిన డేవీస్ ఆల్పైన్ హౌస్ చెదపుట్ట సూత్రం మీద నడుస్తుంది. వేడిగాలి పైనుంచి పోతుంది, నేల కింది కాంక్రీటు దారుల్లో చల్లబడిన గాలి మొక్కల మధ్యకు వస్తుంది. మెకానికల్, సివిల్ వాళ్లు సెమినార్ టాపిక్‌గా తీసుకోవచ్చు.

హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో పెంచుదామనుకుంటున్నారా? వద్దు. ఈ గడ్డ ఎండి పడుకోవాల్సిన జూన్-సెప్టెంబరులోనే మనకు వానలు. మన చలికాలం దానికి చలికాలమే కాదు. పైగా విదేశాల నుంచి గడ్డలు తెప్పించుకోవాలంటే ప్లాంట్ క్వారంటైన్ నిబంధనల ప్రకారం దిగుమతి పర్మిట్, ఆ దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి. ‘చిన్న ప్యాకెట్టే కదా’ అంటే కుదరదు.

బడిపంతులు, ఇంజినీరు

ఈ రంగంలో పేరున్నవాళ్లందరూ బాటనీ పట్టాలతో వచ్చినవాళ్లు కారు. 1913లో ఐరిస్ జాతి మొత్తం మీద పెద్ద గ్రంథం వెలువరించిన విలియం డైక్స్ ఇంగ్లండ్‌లోని చార్టర్‌హౌస్ బడిలో పంతులు. కెనడాకు చెందిన ఆలన్ మెక్‌మర్ట్రీ వృత్తిరీత్యా ఇంజినీర్. బజారులో దొరికే డాన్‌ఫోర్డియేకు క్రోమోజోములు మూడు సెట్లుగా ఉంటాయి, అంటే విత్తనం కట్టని మొక్క. దాంతో పని జరగదని ఆయన 1980లలో తుర్కియే కొండలెక్కి, విత్తనం కట్టే అడవి రకాన్ని తెచ్చుకున్నారు. దాన్ని సోఫెనెన్సిస్ అనే మరో జాతితో కలిపితే ఈ గుంపులో అంతకుముందు లేని రంగులు పుట్టాయి. విత్తనం మొలిచి పువ్వు చూడటానికే సుమారు ఐదేళ్లు. మనం కోడ్ రన్ చేసి ఐదు నిమిషాలు ఆగలేం!

అలాగని తోటమాలి అవమని కాదు నేననేది. మీ ప్రాజెక్టుకు డేటా మీరే కొలవండి అంటున్నా. గుంటూరు మిర్చి యార్డులో కాయను చేత్తో పట్టుకుని ఏ రకమో చెప్పేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర ఒక రోజు కూర్చుని, వాళ్లు ఏం చూసి చెబుతున్నారో రాసుకోండి. రంగా, ముడతా, తొడిమా, విరిచినప్పుడు వచ్చే చప్పుడా? అవే మీ కాలమ్స్. ఒక స్కేలు, వంద కాయలు, ఒక ఎక్సెల్ షీటు చాలు. ‘ఈ ఫీచర్ ఎందుకు తీసుకున్నారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, మీ దగ్గర చెప్పడానికి ఒక కథ ఉంటుంది.

ఐరిస్‌నే ఉంచుకుంటానంటారా? సరే, అయితే ఒక పని చేయండి. యూసీఐ సైట్‌లోని ఫైలుకు, ఫిషర్ ప్రచురించిన పట్టికకు రెండు వరుసల్లో తేడా ఉంది. సెటోసాలో 35, 38. సైకిట్‌-లెర్న్ వాళ్లు 0.20 వెర్షన్‌లో సరిదిద్దారు. మీ గిట్‌హబ్‌లో ఉన్న కాపీ ఏదో ఇప్పుడే తెరిచి చూసుకోండి.