పక్కన నిలబడి చెప్పే మాట

గృహ ప్రార్థనకు వెళ్తే టీ, బిస్కెట్లు. పుట్టినరోజు కూడికకు వెళ్తే కేకు. కృతజ్ఞత కూడికకు వెళ్తే బిర్యానీ. వద్దంటే ఆ ఇంటి తల్లి నొచ్చుకుంటుంది. ఎవరినీ నొప్పించకుండా పాతికేళ్లు సేవ చేశాక, ఒకనాడు డాక్టరు గారు మా రక్తపరీక్ష కాగితం చూసి పెదవి విరిచారు. బరువు 92 కిలోలు. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ 6.3. 'షుగరు ఇంకా రాలేదండీ, గుమ్మంలో నిలబడి ఉంది' అన్నారాయన. ఆ సంఖ్య 5.7 నుంచి 6.4 దాకా ఉంటే గుమ్మం దగ్గర ఉన్నట్టు. 6.5కు చేరితే ఇంట్లోకి వచ్చేసినట్టు. ఆరు నెలల్లో ఆరున్నర కిలోలు తగ్గితే చాలా మేలని చెప్పి పంపారు.

శరీర సాధన వల్ల ప్రయోజనం కొంతేనని పౌలు తిమోతికి రాసిన మాటను (1 తిమోతి 4:8) మేము చాలాకాలం మా సోమరితనానికి అడ్డం పెట్టుకున్నాం. దైవభక్తితో పోల్చి 'కొంత' అన్నాడే గాని, 'సున్నా' అనలేదు కదా! ఆ కొంత ప్రయోజనం కోసమే మా వీధి చివరి జిమ్‌లో చేరాం.

అక్కడ మాకు శిక్షణ ఇచ్చేందుకు పాతికేళ్ల కుర్రాణ్ని కేటాయించారు. పనిమంతుడే. కానీ అతని నోట మంచిమాట అరుదు. మొదటిరోజే మమ్మల్ని ఎగాదిగా చూసి, 'అంకుల్, మూడు నెలల్లో ఇరవై కిలోలు దించాలి' అన్నాడు. డాక్టరు గారు చెప్పిన లెక్క చెబితే నవ్వేశాడు. ట్రెడ్‌మిల్ మీద ఆయాసపడితే, 'ప్రసంగం చెప్పినంత తేలిక కాదంకుల్' అనేవాడు. మొదటి వారం రెండు కిలోలు తగ్గాం. తర్వాత మూడు వారాలూ ముల్లు కదల్లేదు. నాలుగో వారం బరువు చూసి, పదిమంది వింటుండగా 'మీవల్ల కాదంకుల్, డబ్బులు దండగ' అనేశాడు. మర్నాటి నుంచి మేము వెళ్లడం మానేశాం. ఆ పది రోజులూ ఇంట్లో మిక్చరు పొట్లాలు ఎలా ఖాళీ అయ్యాయో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

నిజానికి అప్పుడు మా శరీరం తన పని తాను చేస్తూనే ఉంది. తిండి తగ్గించిన మొదటి రోజుల్లో ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ ఖర్చవుతుంది. దాన్ని అంటిపెట్టుకున్న నీరూ పోతుంది. అందుకే తొలివారం ముల్లు గబగబా దిగుతుంది. కొవ్వు కరగడం ఆ తర్వాత నెమ్మదిగా సాగే పని. ఒక్కోసారి వారాల తరబడి తూకంలో తేడాయే కనిపించదు. ఆ మూడు వారాల్లో మా బెల్టు ఒక రంధ్రం లోపలికి జరిగింది. దాన్ని అతను చూడలేదు, మేమూ చూసుకోలేదు.

ఈ సందర్భంగా ఒక సంగతి చెప్పుకోవాలి. మధుమేహం అంచున ఉన్న మూడు వేల మందికి పైగా మనుషుల మీద అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. 2002లో దాని ఫలితాలు వెలువడ్డాయి. అందులో ఒక వర్గానికి పెట్టిన లక్ష్యం చిన్నదే. బరువులో 7 శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు చురుకైన నడక వంటి వ్యాయామం చేయాలి. వారిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. వారిని ఎగతాళి చేసి పరుగెత్తించలేదు. ఒక్కొక్కరికీ వెన్నంటి ఉండి నేర్పే శిక్షకుణ్ని ఇచ్చారు. చిన్న లక్ష్యం, తోడు నిలిచిన మనిషి. లావుగా ఉన్నవారిని సిగ్గుపరిస్తే సన్నబడతారనుకోవడం పొరపాటని, దానివల్ల హానే తప్ప మేలు లేదని 2020లో పలు దేశాల వైద్య నిపుణులు కలిసి ఒక ప్రకటన కూడా చేశారు.

పదో రోజున మా ఇంటి అమ్మగారు ఊరుకోలేకపోయింది. 'ఆ అబ్బాయి మాట్లాడింది తప్పే. కానీ మీరు మానేయడం మాత్రం అతని తప్పు కాదు' అంది. మేము బదులు చెప్పలేదు. కాసేపాగి, 'మన కీబోర్డు అబ్బాయి కూడా ఇలాగే మానేశాడు కదండీ' అంది.

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. రెండేళ్ల క్రితం మా సంఘంలో కీబోర్డు వాయించే యువకుడొకడు వరుసగా నాలుగు ఆదివారాలు ఆలస్యంగా వచ్చాడు. అయిదో ఆదివారం మేము ప్రసంగం ఆపి, అందరి ముందూ 'నీలాంటివాళ్ల వల్ల ప్రభువు పనికి నష్టమే గాని లాభం లేదు' అన్నాం. హెచ్చరిక చేశామనుకున్నాం. ఆ అబ్బాయి మళ్లీ గుడికి రాలేదు. మెత్తనివాడు, విశ్వాసం లేనివాడు అని సరిపెట్టుకున్నాం. జిమ్ కుర్రాడు మా గురించి అనుకున్నదీ అదే కాబోలు!

'హెచ్చరిక' అనే ఈ మాట గురించి కొంచెం ఆలోచించాలి. కుప్రకు చెందిన లేవీయుడు యోసేపుకు అపొస్తలులు బర్నబా అని పేరు పెట్టారు. మన పాత తెలుగు బైబిల్ దాని అర్థాన్ని 'హెచ్చరిక పుత్రుడు' అని చెబుతుంది (అపొ.కా. 4:36). నేటి తెలుగులో హెచ్చరిక అంటే బెదిరింపులా వినిపిస్తుంది. కానీ అక్కడున్న గ్రీకు మాట పరాక్లేసిస్. పక్కకు పిలవడం అనే భావంలోంచి పుట్టిన మాట అది. ధైర్యం చెప్పడం, ఆదరించడం, బుద్ధి చెప్పడం మూడూ అందులో ఉన్నాయి. యోహాను సువార్తలో పరిశుద్ధాత్మను ఆదరణకర్త అని పిలిచిన మాట (14:16) కూడా ఆ కుటుంబానికి చెందినదే. అంటే బుద్ధి చెప్పడం తప్పు కాదు. ఎక్కడ నిలబడి చెబుతున్నామన్నదే ప్రశ్న. ఎదుట నిలబడి వేలు చూపించామా, పక్కన నిలబడి భుజం పట్టామా?

బర్నబా పక్కన నిలబడ్డాడు. సౌలును నమ్మడానికి యెరూషలేములో అందరూ భయపడితే, అతని చెయ్యి పట్టి అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లాడు (అపొ.కా. 9:26, 27). ప్రయాణం మధ్యలో పెర్గే నుంచి వెనుదిరిగిపోయిన మార్కును మళ్లీ తీసుకెళ్లనని పౌలు పట్టుబడితే, బర్నబా మార్కును వెంటబెట్టుకుని కుప్రకు ఓడెక్కాడు (అపొ.కా. 15:37-39). ఒకప్పుడు తనకు దొరికిన ఆ తోడును పౌలు ఆనాడు మరచిపోయాడేమో! చివరి రోజుల్లో మాత్రం అదే మార్కు పరిచర్యకు తనకు ఎంతో అవసరమని, వెంటబెట్టుకుని రమ్మని తిమోతికి కబురు పంపాడు (2 తిమోతి 4:11). ఒక మనిషిని 'పనికిరాడు' అని కొట్టిపారేసే ముందు మన సంఘాలు ఈ కథను చివరిదాకా చదవాలి.

మరి నిరుత్సాహపరిచే మాటలు వినేవారి సంగతేమిటి? గోడ కడుతున్న నెహెమ్యాను సన్బల్లటు, టోబీయా హేళన చేశారు. నక్క ఎక్కినా ఆ గోడ కూలుతుందన్నారు. నెహెమ్యా వారికి జవాబు చెప్పలేదు, తన బాధ దేవునికి చెప్పుకున్నాడు. రాళ్లు పేర్చడం మాత్రం ఆపలేదు (నెహెమ్యా 4:1-6). 52 రోజుల్లో గోడ పూర్తయింది (6:15). ఎగతాళికి మనం చెల్లించే పెద్ద మూల్యం అవమానం కాదు, ఆగిపోయిన పని.

పదకొండో రోజు మేము మళ్లీ జిమ్‌కు వెళ్లాం. అతన్ని పక్కకు పిలిచి, ఒంటరిగా ఉన్నప్పుడు (మత్తయి 18:15), 'బాబూ, కష్టమైన పని చెప్పు, చేస్తాం. చులకనగా మాట్లాడకు, కాళ్లు కదలడం లేదు' అన్నాం. డాక్టరు గారి కాగితం చూపించాం. తూకంతో పాటు నడుం కొలతా, ఎన్ని నిమిషాలు ఆగకుండా నడిచామన్నదీ రాయమన్నాం. అతను తల దించుకుని, 'నాకు నేర్పినాయన ఇలాగే తిట్టేవాడంకుల్, అలాగైతేనే పని జరుగుతుందనుకున్నా' అన్నాడు. రెండు వారాలు బాగానే ఉన్నాడు, మళ్లీ పాత నోరు లేచింది. అప్పుడు మేము కోపం తెచ్చుకోకుండా జిమ్ యజమానికి చెప్పి వేరే శిక్షకుణ్ని అడిగాం. శిక్షకుణ్ని మార్చుకోవచ్చు, లక్ష్యాన్ని వదలనక్కరలేదు. ఇది ఓర్పులేనితనం కాదు. శిక్షకుడు గట్టిగా పని చేయిస్తే ఓర్చుకోవాలి. మనిషిని చిన్నబుచ్చితే చెప్పాలి, చెప్పినా మారకపోతే తప్పుకోవాలి. గుండెలో నొప్పో, కళ్లు తిరగడమో ఉంటే మాత్రం ఎవరేమన్నా సరే వెంటనే ఆపి వైద్యుణ్ని కలవాలి.

ఎనిమిది నెలలకు ఆరు కిలోలు తగ్గాం. డాక్టరు గారు పెట్టిన గడువూ దాటింది, లెక్కకు అరకిలో మిగిలే ఉంది. హెచ్‌బీఏ1సీ మాత్రం 5.8కి దిగింది.

ఇక రెండో బాకీ. ఒక సాయంత్రం కీబోర్డు అబ్బాయి ఇంటికి వెళ్లాం. ఆ రోజుల్లో అతనికి శనివారం రాత్రి డ్యూటీ ఉండేదట. తెల్లవారాక బస్సు పట్టుకుని తిన్నగా గుడికే వచ్చేవాడట. నాలుగు ఆదివారాల్లో ఒక్కసారైనా 'ఎందుకు ఆలస్యమైంది నాయనా' అని మేము అడగలేదు. క్షమించమని అడిగాం. 'ఫర్వాలేదండీ అయ్యగారూ' అన్నాడు గాని, మా ముఖం చూడలేదు. వాళ్లమ్మ చక్కెర లేని టీ ఇచ్చింది. మా సంగతి ఎవరో చెప్పినట్టున్నారు.

ఆ అబ్బాయి ఇంకా గుడికి రాలేదు. రమ్మని ఒత్తిడి చేయడం లేదు. వారానికోసారి ఫోన్ చేస్తున్నాం, తీస్తున్నాడు. నలిగిన రెల్లును విరవని సేవకుణ్ని గూర్చి యెషయా చెప్పాడు (42:3). ఆయన పేరు చెప్పుకుని పులిపీట మీద నిలబడే మేము ఎన్ని రెల్లులు విరిచామో ఆయనకే ఎరుక. ఈ వారం మన మాట వల్ల మానేసిన మనిషి ఒకరు మనకు గుర్తొస్తే, ముందు ఆ గుమ్మం ఎక్కుదాం.