పప్పు వుడికిన నీళ్ళు

మా యింట్లో నీటికి రెండే పరీక్షలు. కందిపప్పు వుడకాలి, సబ్బు నురగ రావాలి. ఈ రెండింట్లోనూ నెగ్గినవి మంచి నీళ్ళని మా అమ్మ తీర్పు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

మాది దర్శి దగ్గర పల్లె. కాస్త మిరప, కాస్త పత్తి. కోతల రోజుల్లో మిరప కల్లం నుంచి యింటికి వస్తే ఒళ్ళంతా మంట. తెలియనివాళ్ళు తిన్నగా వేణ్ణీళ్ళ కాగు దగ్గరికి పరుగెత్తి మంట రెట్టింపు చేసుకుంటారు. కారం నీటికి లొంగదు. ముందు నూనె రాసుకుని, తరవాత సబ్బు పెట్టాలి. ఆ సబ్బుతోనే మాకు చిక్కు. పాత బావి నీళ్ళలో అది నురగకు బదులు విరిగిన పాలలా తెట్టె కట్టేది. ఇక కుంకుడుకాయే గతి. ఎంత ఉప్పునీళ్ళయినా అది నురగ యిస్తుంది. కాగు లోపల రూపాయి బిళ్ళ మందాన తెల్లటి పెచ్చు పేరుకుని, ఎంత పత్తికట్టె తగలేసినా నీళ్ళు ఓ పట్టాన కాగేవి కావు. సంక్రాంతికి ముందు చింతపండు పులుసు పోసి నానబెట్టి ఆ పెచ్చు గీకడం నా వంతు.

నీటిలో కరిగివున్న సున్నమే కాగినప్పుడు విడిపోయి అలా పెచ్చు కడుతుంది. ఆ మేరకు కాచిన నీళ్ళు మెత్తబడతాయి. కాస్తే నీటిలో వున్న దోషమల్లా పోతుందని మా అమ్మ అనడానికి ఆ పెచ్చే సాక్ష్యం.

మా అమ్మాయికి ఏడాది నిండగానే బోరు వేయించాను. ఆ నీళ్ళలో పప్పు వెన్నలా వుడికింది. సబ్బు నురగ మోచేతుల దాకా వచ్చింది. కాగుకు పెచ్చు లేదు. మా వీధి వాళ్ళంతా బిందెలు పట్టుకుని వచ్చారు. అమ్మ ఒక్కరినీ కాదనలేదు. పైగా, పేరంటానికి వచ్చినవాళ్ళను పిలిచినట్టు పిలిచి మరీ పోసింది.

ఏడో ఏట అమ్మాయికి ముందుపళ్ళు వచ్చాయి. వాటి మీద సుద్ద రాసినట్టు చారలు. అవి క్రమేణా గోధుమరంగుకు తిరిగాయి. సరిగ్గా తోముకోవడం లేదని తిట్టాను. దగ్గర నిలబడి రెండుసార్లు తోమించాను. ఫొటో తీస్తామంటే పెదవులు బిగించి నిలబడటం నేర్చుకున్నది పిల్ల. ఆ తిట్లు తలుచుకుంటే నాకు యిప్పటికీ సిగ్గు.

ఒంగోలులో డాక్టరు దాని నోరు చూసి, “మీరు తాగేది ఏ నీళ్ళు?” అన్నాడు. పరీక్ష చేయిస్తే లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల ఫ్లోరైడు తేలింది. ఒకటి దాటకుండా వుంటే మేలు. గత్యంతరం లేకపోతే ఒకటిన్నర దాకా. చిగురులోపల పన్ను తయారయ్యే వయసులో పడ్డ ఆ మచ్చ యిక తోమితే పోదు. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలూ కీళ్ళూ బిగుసుకుపోతాయట.

మరి అంత మంచి నీళ్ళకు యీ రోగమేమిటి? సున్నం బాగా వున్న నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా నిలవలేదు. సున్నంతో జతకట్టి గట్టిపడిపోతుంది. సున్నం తక్కువై, సోడా గుణం ఎక్కువైన నీటిలో మాత్రం రాతిలోంచి కరిగి వచ్చి హాయిగా నిలుస్తుంది. పప్పును వెన్న చేసిందీ ఆ సోడా గుణమే. మేము తిట్టుకున్న పాత బావి నీళ్ళు కాగును పాడుచేశాయి. మెచ్చుకున్న నీళ్ళు పిల్ల పళ్ళను పాడుచేశాయి. కాచి తాగించాం గదా అంటారేమో, ఫ్లోరైడు ఆవిరితో పోదు. నీరు ఇగిరినకొద్దీ చిక్కనవుతుంది.

ఇదేమీ కొత్త సంగతి కాదు. అప్పట్లో నెల్లూరు జిల్లాలో వుండిన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో యీ వ్యాధి వున్నదని షార్ట్ ప్రభృతులు 1937లోనే ప్రకటించారు. మా వూరి పక్కనే కనిపెట్టిన సంగతి మా యింటికి చేరడానికి యిన్నేళ్ళు పట్టింది!

విరుగుడూ మన పేరు మీదే వున్నది. నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన నల్లగొండ పద్ధతి అది. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగు పౌడరు వేసి పది నిమిషాలు కలిపి, గంటసేపు కదపకుండా వుంచితే, ఫ్లోరైడును పట్టుకుని మడ్డి అడుగుకు దిగుతుంది. పైతేట వంచుకోవాలి. పటిక ఒక్కటే వేస్తే నీరు పులుపెక్కుతుంది. సున్నం దాన్ని సరిచేస్తుంది. అయితే ఎంత పటిక వెయ్యాలన్నది ఆ నీటి ఫ్లోరైడును బట్టీ, సోడా గుణాన్ని బట్టీ వుంటుంది. పరీక్ష లేకుండా చేతివాటాన వేస్తే లాభం లేదు. నేను నెల్లాళ్ళు చేశాను. ఒకరోజు చెయ్యడం, ఒకరోజు మానడం. మగవాడి వంట సామెతే అయింది.

చివరకు తాగడానికీ, వంటకూ సాగరు కాలువ నీళ్ళు కుళాయి నుంచి తెచ్చుకుంటున్నాం. బోరు నీళ్ళు స్నానానికే. ఫ్లోరైడు చేటు కడుపులోకి పోతేనే గాని, ఒంటిమీద పోసుకుంటే కాదు. ఆ తరవాత పుట్టిన మా అబ్బాయికి పళ్ళు తెల్లగా వచ్చాయి. వాడు నవ్వినప్పుడల్లా అక్క వాడి నోటివంక చూస్తుంది. ఏమీ అనదు.

మా బోరు దగ్గరికి బిందెలు యింకా వస్తూనే వున్నాయి. అమ్మ గుమ్మంలో కూర్చుని వచ్చిన ప్రతివాళ్ళనూ అడుగుతుంది: “స్నానానికేనా, అమ్మాయ్?”